మూడు ఆదివారములు

ధ్యానమునకు: యోహాను 2:1-11, లూకా 14:12-14, 28-30



పత్తి ఏరుట ముగిసి, మూటలు బండ్లకెక్కి, చేతికి నాలుగు రూపాయలు వచ్చు దినములలో మన పల్లెలలో పెండ్లి మాటలు మొదలగును. ఆసిఫాబాదు మొదలుకొని వాంకిడి, కెరమెరి, రెబ్బెన, తిర్యాణి వైపు ఏ ఊరికి పోయినను, "పప్పన్నం ఎప్పుడు పెడుతున్నరు?" అను మాట వినబడుచుండును. అది సంతోషకరమైన ప్రశ్నయే. అయితే ఆ ప్రశ్న విని ఆ రాత్రి నిద్రపట్టని తండ్రులు మన సంఘములలో ఎందరో గలరు. వారిని తలంచుకొని మేము ఈ మాటలు వ్రాయుచున్నాము.

మన ప్రభువు తన మొదటి సూచకక్రియను దేవాలయములో చేయలేదు, రాజనగరులో చేయలేదు. గలిలయలోని కానా అను చిన్న పల్లెలో, ఒక సామాన్యుని పెండ్లి ఇంట చేసెను. ఆ దినములలో పెండ్లి విందు ఏడు దినములు సాగు వాడుక యుండెను. సమ్సోను పెండ్లి సంగతి న్యాయాధిపతుల గ్రంథము 14వ అధ్యాయములో చదివినవారికి ఇది తెలియును. అట్టి విందులో ద్రాక్షారసము అయిపోయినది. పంక్తిలో చుట్టములు కూర్చుండియుండగా అన్నపు గంగాళము అడుగంటినయెడల ఇంటి యజమానుని ముఖము ఎట్లుండునో మనకు తెలియును గదా! ఆ కొరతను మొదట కనిపెట్టినది ఒక తల్లి. పురుషులు విందులో నుండగా వంటయింటి వైపు చూచుచుండినది ఆమెయే.

అక్కడ ఆరు రాతిబానలు ఉండెను. ఒక్కొక్కటి రెండు మూడు తూములు పట్టునది. నేటి కొలతలో చెప్పవలెనన్న ఒక్కొక్క బానలో 80 మొదలు 120 లీటర్ల వరకు పట్టును. ఆరింటిని అంచుల మట్టుకు నింపుటకు ఇంచుమించు 480 మొదలు 700 లీటర్ల నీళ్లు మోయవలసియుండెను. ఎండకాలములో మన వాడలలో బిందెలు మోసిన అక్కచెల్లెండ్రకు ఆ పని ఎంతటిదో ఎవరును చెప్పనక్కరలేదు. ఆ పరిచారకుల పేర్లు వాక్యములో లేవు. అయినను ప్రభువు మహిమ వారి భుజముల మీదుగానే ఆ ఇంటిలోనికి వచ్చెను.

ఈ వాక్యమును కొందరు తప్పుగా పట్టుకొందురు. "కానాలో కొరత తీర్చిన ప్రభువు మా అప్పు తీర్చడా?" అని ధైర్యముగా అప్పు చేయుదురు. ప్రియులారా, కానా ఇంటివారికి కొరత తలంచని వేళ వచ్చినది. మనమైతే కొరతను తెలిసి తెలిసి తలుపు తీసి లోపలికి పిలుచుచున్నాము. కానాలో నీళ్లను మార్చిన ఆ ప్రభువే లూకా సువార్త 14వ అధ్యాయములో, గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనవలెనని బోధించెను. పునాది వేసి ముగింపలేనివాడు చూచువారికి నవ్వులపాలగునని కూడ ఆయన హెచ్చరించెను. మనము నవ్వులపాలు కాకూడదనియే అప్పు చేయుచున్నాము. ఆయన చెప్పినదేమనగా, లెక్క చూడనివాడే నవ్వులపాలగును.

ఇందునుగూర్చి మేము ఒక సంగతి ఒప్పుకొనవలసియున్నది. అది మా తప్పిదమే గనుక దాచుకొనుట మంచిది కాదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మా పరిచర్యలోని ఒక పల్లెలో, నాలుగెకరముల పత్తిచేను గల ఒక విశ్వాసి తన పెద్ద కుమార్తె వివాహము నిశ్చయించెను. అబ్బాయి పక్షమువారు రొక్కమును, మోటారు సైకిలును అడిగిరి. అతడు చేను కాగితములు సేటు వద్ద పెట్టి, నూటికి మూడు రూపాయల నెలవడ్డీకి సొమ్ము తెచ్చెను. మేము ఆ మాట విని, "ఇంత భారమెందుకయ్యా?" అంటిమి. అతడు తల వంచుకొని, "ఏం జేస్తమయ్యగారూ, పదిమందిల నవ్వులపాలైతం గద" అనెను. మేము మరి మాటలాడలేదు. ప్రార్థన చేసి వచ్చితిమి.

తరువాత వరుసగా మూడు ఆదివారములు ఆరాధనలో ఆ వివాహ ప్రకటన చదివితిమి. ఈ జతపరచుటకు అభ్యంతరమేదైన తెలిసినవారు తెలియజేయవలెనని మూడు మారులు అడిగితిమి. ఎవరును లేచి నిలువలేదు. నిజమునకు ఆ గుడిలో అభ్యంతరము తెలిసినవారము మేమే. ఆ పెండ్లి ఒక ఇంటిని కూల్చునని మాకు తెలియును. సంఘమును అడిగిన మేము మమ్మును మేము అడుగుకొనలేదు. పెండ్లినాడు పంక్తిలో ముందు కూర్చుండి, కూరలు బాగున్నవని మెచ్చుకొంటిమి కూడ.

ఈ వివాహ ప్రకటన ఎక్కడనుండి వచ్చెనో మనలో అనేకులకు తెలియదు. 1215వ సంవత్సరమున రోమాపురి లాటరను సభ, వివాహములను ముందుగా బహిరంగముగా ప్రకటింపవలెనని క్రైస్తవ దేశములన్నిటికి నియమించెను. తరువాత ఇంగ్లండు దేశములో, లండను నగరములోని ఫ్లీటు చెరసాల పరిసరములలో రహస్య వివాహములు విస్తరించి, మోసపోయిన కుటుంబములు మొరపెట్టగా, 1753లో అక్కడి పార్లమెంటు ఒక చట్టము చేసెను. గుడిలో ప్రకటన గాని, తగిన అనుమతి పత్రము గాని లేని వివాహము చెల్లదని అందులో నిర్ణయించిరి. మనకు జిల్లాలున్నట్లే ఆ దేశమున కౌంటీలు గలవు. డెవాను, డోర్సెటు, నార్ఫోకు వంటి కౌంటీల పల్లెలలో నేటికిని ఊరి గుడిలో పెండ్లి చేసికొనగోరువారి పేర్లు మూడు ఆదివారములు చదువుదురు. చదివిన పిమ్మట 3 నెలల లోపల ఆ పెండ్లి జరుగవలెను. అక్కడను అబ్బాయి, అమ్మాయి పెండ్లి తలపెట్టిన వెంటనే మొదట గుడికి వచ్చి పాదిరిగారితో మాటలాడి తేదీ నిర్ణయించుకొనుట వాడుక.

ఆ దేశపు ఆంగ్లికను, మెతడిస్టు మిషనరీల ద్వారా ఈ క్రమము మన దేశమునకు వచ్చినది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆ సంఘములు తమతో తెచ్చిన మంచి ఆచారములలో ఇది యొకటి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము కూడ, పాదిరిచేత వివాహము కోరువారు ముందుగా వ్రాతపూర్వకముగా తెలియజేయవలెననియు, ఆ నోటీసు గుడిలో అందరికి కనబడునట్లు అంటింపవలెననియు, పాదిరి గాక ఇద్దరు సాక్షులైనను ఉండవలెననియు, సాధారణముగా ఉదయము 6 గంటలు మొదలు సాయంకాలము 7 గంటల లోపల వివాహము జరుగవలెననియు చెప్పుచున్నది. బరాత్ పేరిట డీజే పెట్టి, ఎగిరి దుమికి, పొద్దు గ్రుంకిన పిమ్మట గుడికి వచ్చు పెండ్లివారు ఈ చివరి మాటను గుర్తుంచుకొందురు గాక!

ఇంత క్రమమునకు అర్థమేమి? పెండ్లి అనునది ఇద్దరి రహస్యము కాదు, రెండు ఇండ్ల బేరము కాదు. అది సంఘమంతయు బాధ్యత వహింపవలసిన సంగతి అనియే. రూతును పెండ్లియాడుటకు ముందు బోయజు ఊరి గవిని యొద్ద పదిమంది పెద్దలను కూర్చుండబెట్టెను. సాక్షి యనగా ఫొటోలో నిలుచుండువాడు కాదు. రేపు ఆ ఇంట కన్నీరు వచ్చినయెడల తుడుచుటకు బద్ధుడైనవాడు.

ఆ పెద్ద కుమార్తె పెండ్లి అయిన మరుసటి సంవత్సరము గులాబి రంగు పురుగు వచ్చి కాయ చెడిపోయెను. ఆ పై సంవత్సరము వానలు వేళకు రాలేదు. వడ్డీ పెరిగి అసలును మించెను. ఆ తండ్రి కాగజ్‌నగరు వైపు కూలికి పోవ మొదలుపెట్టెను. ఇంటరు చదువుచున్న రెండవ కుమార్తె చదువు మాని పత్తి ఏరుటకు పోయెను. పెద్ద కుమార్తె అత్తవారింట మోటారు సైకిలు తుప్పు పట్టుచుండగా, పుట్టింట దాని అప్పు పెరుగుచుండెను.

కొంత కాలమునకు ఆ రెండవ పిల్లకు సంబంధము చూచుట మొదలయ్యెను. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఆమె మా యొద్దకు వచ్చి నిలిచెను. "అయ్యగారూ, అక్క పెండ్లికి మూడు ఆదివారాలు గుడిల అడిగిండ్రు. ఎవ్వరూ మాట్లాడలే. నా పెండ్లికి గుడిల అడిగే ముందు, మా ఇంటికొచ్చి అడుగుండ్రి" అనెను. మాకు నోట మాట రాలేదు. అనేక ప్రసంగములు చేసిన మాకు ఆ దినమున ఆ బిడ్డ ప్రసంగము చేసెను.

అప్పటినుండి మేమును, సంఘ పెద్దలును ఒక తీర్మానము చేసికొంటిమి. గుడిలో మూడు ఆదివారములు అడుగుటకు ముందు, రెండిండ్లలోను కూర్చుండి మూడు ప్రశ్నలు అడుగవలెనని. వాటిని మీ యెదుట పెట్టుచున్నాము.

మొదటి ప్రశ్న: అమ్మాయిని, అబ్బాయిని అడిగితిరా? రిబ్కాను కొనిపోవుటకు అబ్రాహాము దాసుడు వచ్చినప్పుడు, ఆమె తల్లియు సహోదరుడును ఆమెను పిలిచి, ఈ మనుష్యునితో వెళ్లెదవా అని అడిగిరి (ఆదికాండము 24). నాలుగువేల ఏండ్లనాటి ఎడారి వాసులు అడిగిన ప్రశ్న మనము నేడు అడుగకపోవుట సిగ్గు కాదా? అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండనిదే వివాహము జరుపకూడదని చట్టము. 2006లో వచ్చిన బాల్యవివాహ నిషేధ చట్టము ప్రకారము అట్టి పెండ్లి జరిపించువారును నేరస్థులే. బడి సర్టిఫికెటు చూడక, తండ్రి మాట మీదనే ప్రకటన చదువుట ఇకమీదట మా వలన కాదు. పదునేడవ ఏట ఉన్న పిల్లను "పెద్దదైంది అయ్యగారూ" అని తీసికొనివచ్చువారు మమ్మును కోపపడినను మేము సహింతుము.

రెండవ ప్రశ్న: ఏమైన అడిగిరా, ఏమైన ఇచ్చుచున్నారా? వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. తరువాతి సవరణల ప్రకారము కట్నము ఇచ్చినను పుచ్చుకొన్నను 5 సంవత్సరములకు తక్కువ కాని చెరసాల శిక్షయు, 15,000 రూపాయలకు గాని, కట్నము విలువ అంతకంటె ఎక్కువైన ఆ విలువకు గాని తగ్గని జుల్మానాయు గలవు. అయితే మేము చట్టమునకంటె ముందు వాక్యము చూపెదము. యాకోబు రాహేలు కొరకు లాబానుకు ఏడేసి సంవత్సరములు రెండు మారులు కొలువు చేసెను. వరుడు కష్టపడెను గాని కన్యను వెల అడుగలేదు. ఆ కష్టఫలమును సహితము తండ్రి తినివేసెనని లాబాను కుమార్తెలు తరువాత నొచ్చుకొనిరి (ఆదికాండము 31). బిడ్డ పెండ్లిని బేరముగా చేసిన తండ్రిని ఆ బిడ్డ మరువదు.

మన చుట్టునున్న అడవి పల్లెలను చూడుడి. గోండు సోదరుల పాత ఆచారములో వరకట్నము లేదు. వరుని పక్షమువారే అమ్మాయి ఇంటికి ఇచ్చుకొనువారు. సువార్త విననివారిలో లేని ఈ దురాశ, ప్రతి ఆదివారము సువార్త విను మన ఇండ్లలో ఎట్లు ప్రవేశించెను? ప్రభుత్వమువారు 2014 అక్టోబరు 2న కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ అను సహాయములను 51,000 రూపాయలతో ఆరంభించి, 2018లో దానిని 1,00,116 రూపాయలు చేసిరి. బీద తల్లి భారము దించుటకు పెట్టిన సొమ్ము అది. దానిని కూడ ముందే లెక్కకట్టి, "అది మాకే రావలె" అను వియ్యంకులను మేము చూచితిమి. విధవరాలి కాసును లెక్కించుచు కానుకపెట్టె యెదుట కూర్చున్న ప్రభువు దీనిని చూడడా?

మూడవ ప్రశ్న: ఖర్చు ఎంత, అది ఎక్కడనుండి వచ్చును? ఒక కాగితము మీద వ్రాయించెదము. పందిరి, బట్టలు, పుస్తె మట్టెలు, బియ్యము, మాంసము, బండ్లు, బ్యాండు, ఫొటోలు. ఎదురుగా చేతనున్న సొమ్ము. ఈ రెండు వరుసలు కలియనప్పుడు మీది వరుసను తగ్గింతుము గాని క్రింది వరుసలో సేటు పేరు వ్రాయము. అప్పు చేయువాడు అప్పిచ్చువానికి దాసుడని సామెతల గ్రంథము 22వ అధ్యాయము చెప్పుచున్నది. దాసత్వమునకు ముహూర్తము పెట్టుకొనుట మనకెందుకు?

ముహూర్తమంటిమి గనుక తేదీనిగూర్చి ఒక మాట. దినములన్నియు దేవునివే. మంచి రోజు, చెడ్డ రోజు అను భయము మనకు లేదు. అయినను పొరుగువారి పంచాంగము చూచి అందరు పెట్టుకొను దినమే పెట్టుకొందుము. ఆ దినమున పందిరి కిరాయి, బండ్ల కిరాయి, బ్యాండు కిరాయి అన్నియు రెట్టింపగును. మే నెలలో మన ప్రాంతమున ఎండ 45 డిగ్రీలకు చేరును. ముసలివారు సొమ్మసిల్లుదురు, వండిన అన్నము చెడిపోవును. జూనులో విత్తనమునకు సొమ్ము కావలెను. పత్తి అమ్మిన పిమ్మట, శ్రమకాలము రాకమునుపు, జనవరిలో గాని ఫిబ్రవరి మొదట గాని ఒక పనిదినమున ఉదయము గుడిలో వివాహము జరిగి, మధ్యాహ్నమునకు భోజనము ముగిసిన ఎంత మేలు!

ఆ రెండవ పిల్ల సంగతి ముగించెదము. మేము పెద్దలతో ఆ ఇంటికి పోయి ఆ మూడు ప్రశ్నలు అడిగితిమి. కట్నము లేదని తెలిసి మొదట వచ్చిన సంబంధము వెనుకకు పోయెను. ఆ తండ్రి మా మీద నొచ్చుకొని, రెండు మాసములు గుడికి రాలేదు. ఆ రెండు మాసములు మేమును సుఖముగా నిద్రపోలేదు. ఒక బిడ్డ బ్రదుకును మా తీర్మానముతో చెడగొట్టితిమేమో అను భయము మమ్మును వదలలేదు. పిమ్మట కరెంటు పని చేసికొను ఒక యౌవనుడు, తల్లి మాత్రమే గలవాడు, అడిగించెను. వారు కోరినది ఏమియు లేదు. ఆ తల్లి, "నా కోడలు చదువు ముగించుకోవాలె, గంతే" అనెను.

స్త్రీల సమాజమువారు ఆదివారమాదివారము ఇంటింట తీసిపెట్టు పిడికెడు బియ్యము ఆ పెండ్లికి ఇచ్చిరి. యౌవనులు గుడి ముందు పచ్చని పందిరి వేసి మామిడాకులు, బంతిపూలు కట్టిరి. అన్నము, పప్పు, ఒక కూర, ఒక తీపి. కానాలో బానలు నింపిన పరిచారకులవలె, ఆ దినమున సంఘ పెద్దలే నీళ్లు మోసిరి. ప్రభువు లూకా 14లో చెప్పినట్లు, తిరిగి పిలువలేనివారిని కూడ పిలిచితిమి. ఊరి చివర ఒంటరిగా నుండు ఇద్దరు ముసలమ్మలు మొదటి పంక్తిలో కూర్చుండిరి. చదివింపులు ఎవరు ఎంత ఇచ్చిరో మైకులో చదువలేదు. ఎవరును నవ్వలేదు. నవ్వుదురని ఇన్నాళ్లు మనము భయపడినవారు పప్పన్నము తిని, దీవించి పోయిరి.

పాత అప్పు ఇంకను తీరలేదు. ఆ తండ్రి ఇప్పటికిని కూలికి పోవుచున్నాడు. ఒక్క మంచి పెండ్లి వెనుకటి తప్పిదము నంతటిని తుడిచివేయదు. అయితే చేను అతని చేజారిపోలేదు, రెండవ అప్పు పుట్టలేదు, ఆ అమ్మాయి ఇంటరు పరీక్ష వ్రాసినది. ఇందునుబట్టి దేవుని స్తుతించుచున్నాము.

ప్రియులారా, ఈ సంవత్సరము మీ ఇంట పెండ్లి తలపెట్టినయెడల మొదటి పిలుపు ఎవరికి? కార్డు అచ్చు వేయించువానికి కాదు, సేటుకు కాదు. కానా ఇంటివారు ప్రభువును పెండ్లికి పిలిచిరి గనుకనే కొరత వేళ ఆయన అక్కడ ఉండెను. మనము ఆయనను కార్డు పైభాగమున అచ్చు వేయించి, లెక్కలు చూచు చోటికి మాత్రము పిలువము. ఆయనను ఆ చాపమీద మీ ప్రక్కను కూర్చుండబెట్టుకొనుడి. అడుగువారు ఆయన యెదుట అడుగుదురు గాక. ఇచ్చువారు ఆయన యెదుట ఇత్తురు గాక. అప్పుడు ఎవరి నోట ఏ మాట రాదో మీరే చూతురు.

సంఘ పెద్దలారా, రాబోవు ఆదివారములలో మీ గుడిలో వివాహ ప్రకటన చదివి, అభ్యంతరమున్నదా అని అడిగినప్పుడు, ఆ ప్రశ్న మొదట మనదే అని తలంచుడి. మౌనము ఎల్లప్పుడు సమ్మతి కాదు. ఒక్కొక్కప్పుడు అది పాపము. మా మౌనమునకు వెల ఒక బీద కుటుంబము చెల్లించుచున్నది. మీ మౌనమునకు మరియొక కుటుంబము చెల్లింపకుండును గాక.

కానా పల్లెలో పెండ్లివారి సిగ్గును కప్పిన ప్రభువు మన ఇండ్లను, మన బిడ్డలను, తలపెట్టిన ప్రతి వివాహమును తన కాపుదలలో ఉంచి, కొరతను సమృద్ధిగా, భయమును సమాధానముగా మార్చును గాక. ఆమేన్.